ఏకగ్రీవమా, వేలమా?

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు కొన్ని గ్రామములలో ఒక మాట వినబడుచున్నది: "పోటీ ఎందుకు? కక్షలు పెరుగును, డబ్బు వృథా. పెద్దలము కూర్చుండి తేల్చెదము." వినుటకు ఇంపుగానే యున్నది. కాని రచ్చబండయొద్ద కొన్నిచోట్ల జరుగునదేమి? పదవికి వేలము పాట. ఎక్కువ పాడినవాడే సర్పంచి!

2021 జనవరిలో మహారాష్ట్రలోని ఉమ్రాణే, ఖోండామళీ గ్రామములలో పదవులను ఇట్లే వేలము వేసినందున, ఆ రాష్ట్ర ఎన్నికల సంఘము ఎన్నికలనే రద్దుచేసెను. మంచిపని. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభానుబట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయలవరకు ఇత్తుమని ప్రకటించెను. పోటీ లేకుండుటకు బహుమానమా!

ఊరంతయు నిజముగా ఒక్కరినే కోరినయెడల నాకు ఆక్షేపణ లేదు. పాట సొమ్ము గుడికో బడికో పోవును గదా అందురు. పోనిండు. కూలి చేసికొను విధవరాలిని ఆ పాటలో ఎవరడిగిరి? ఆమెకున్నది ఒక్క ఓటు. దానిని ఆమెకు చెప్పకయే అమ్మిరి. లక్షలు పాడినవాడు వాటిని కాలువ పనుల బిల్లులలో రాబట్టుకొనడా? ఓటుకు నోటు పుచ్చుకొన్నదని ఆమెను గద్దించువారే, ఊరి ఓట్లన్నిటిని గుత్తగా అమ్మినవారికి పీట వేయుచున్నారు.

ఉపసంహరణ గడువు ముగిసినప్పుడు ఒక్క నామినేషనే మిగిలినయెడల పోలింగు ఉండదు. రెండవది నిలిచినచో జరిగి తీరవలెను. కనుక పాట జరిగిన ఊరిలో, గెలుపు మాట అటుంచి, ఒక్కరైనను నామినేషను వేయవలెను. బెదిరించినయెడల ఎన్నికల అధికారికి వ్రాసియిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. అట్టివానిని ప్రతిపాదించుచు సంతకము చేయుటకు ఆ ఊరి ఓటరు ఒకడు కావలెను. మీరు చేయుదురా?