నీడనివ్వడమూ సదఖాయే

ఉదయగిరిలో ఏ వీధిలో నిలబడినా దుర్గం కొండ కనిపిస్తుంది. మూడు వేల అడుగులకు పైబడిన ఆ కొండను 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నారు. తర్వాతి కాలంలో అది గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. కొండమీది మసీదులో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా కాలపు ఫార్సీ శాసనాలున్నాయి. మసీదు కట్టించిన సంగతితోపాటు తోట వేయించిన సంగతి కూడా వాటిలో ఉన్నది. నమాజుకు చోటు చూపడమూ, మనిషికి నీడ చూపడమూ ఆనాటివారి దృష్టిలో ఒకే కోవకు చెందిన పుణ్యకార్యాలన్నమాట.

ఇప్పుడు కొండ దిగి ఊళ్లోకి వద్దాం. అసర్ నమాజు ముగించుకొని వచ్చిన పెద్దాయన ఒక గంట సేపు గాలికి కూర్చోవాలంటే అంగడి అరుగే గతి. పిల్లలకు వీధే ఆటస్థలం. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాల పనిలో ఎందరో ఆడవారు ఇంటిపట్టున శ్రమిస్తున్నారు. కొండ అడవిలోని కలప వారి చేతికి వస్తున్నది గానీ, ఆ చెట్ల నీడ వారి పిల్లల నెత్తిమీదికి రావడం లేదు. ఆత్మకూరు సంగతీ వేరు కాదు. 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయం దగ్గరలోనే ఉన్నది. కానీ ఆదివారం పిల్లలను తీసుకెళ్లి ఆ నీళ్లు చూపించి రావాలంటే సొంత బండి అయినా ఉండాలి, ఆటోకు ఇచ్చుకునే స్తోమత అయినా ఉండాలి.

మన ప్రాంతంలో దాతలు లేరా అంటే ఉన్నారు. మినారుకు, గేటుకు, షాదీఖానాకు చందా అడిగితే కాదనేవారు తక్కువ. మొక్కలకు కూడా ఇస్తారు. అయితే నాటే రోజు వరకే. మా అనుభవమే చెబుతాం. కొన్నేళ్ల క్రితం ఆత్మకూరులో విద్యార్థులతో కలిసి తలా కొంత వేసుకొని నలభై వేప, కానుగ మొక్కలు నాటాం. పెద్దలు వచ్చారు, ఫొటోలు దిగారు. రెండో వేసవి దాటేసరికి మిగిలినవి ఆరు. తప్పు మరెవరిదో కాదు, మాదే. గుంతకు, మొక్కకు, ముళ్లకంచెకు, బ్యానరుకు డబ్బు పోగుచేశాం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసే మనిషికి కూలి అన్న పద్దు మా లెక్కలో లేనే లేదు.

దానధర్మాలతో పార్కులను నిలబెట్టిన ఉదాహరణలు చూస్తే ఈ పద్దు విలువ తెలుస్తుంది. పైన చెప్పిన అబ్దుల్లా కుతుబ్ షా సమాధి హైదరాబాదులోని కుతుబ్‌షాహీ గోరీల ప్రాంగణంలో ఉన్నది. దానిని ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013 నుంచి ప్రభుత్వంతో కలిసి బాగుచేసింది. టాటా ట్రస్టుల వంటి దాతలు తోడయ్యారు. 106 ఎకరాల ఆ ఉద్యానాన్ని 2024 జులైలో ప్రభుత్వానికి అప్పగించారు. అదే ట్రస్టు కైరో నగరంలో శతాబ్దాలుగా చెత్త, మట్టి పోసిన దిబ్బను అల్ అజ్‌హర్ పార్కుగా మార్చి 2005లో తెరిచింది. న్యూయార్కులోని సెంట్రల్ పార్కు 1970లలో పాడుబడిపోతే, 1980లో పౌరులు ఒక సంస్థ పెట్టుకొని చందాలతో దానిని బాగుచేశారు. ఆ పార్కు నేటికీ నగరానిదే. ప్రవేశం ఉచితం. నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం చందాలదే.

మొదటి రెండు చోట్లా టికెట్టు ఉన్నది. దానిని మేము తప్పుపట్టడం లేదు. ఆ డబ్బు లేకపోతే తోటమాలికి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? కానీ ఐదుగురున్న కూలి కుటుంబానికి టికెట్టుకు పెట్టే సొమ్ము ఒక పూట కూర డబ్బు. టికెట్టు పెడితే పేదవాడు బయట నిలబడతాడు. పెట్టకపోతే చెట్టు ఎండిపోతుంది. ఈ చిక్కును విప్పగలిగేది దానమే.

పచ్చిక బయళ్లను కాపాడి ప్రజల కోసం ఉంచడం దైవప్రవక్త (స) కాలం నుంచి ఉన్నదే. దానిని 'హిమా' అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) తన హయాంలో అటువంటి హిమాకు ఒక కాపలాదారును నియమించి, కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్నవారిని లోపలికి రానివ్వమనీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) వంటి సంపన్నుల మందల విషయంలో జాగ్రత్తగా ఉండమనీ ఆదేశించిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. ధనికుల మందలు పోతే వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి జీవాలు చస్తే అతడు బిడ్డలతో వచ్చి తన ముందు నిలబడతాడన్నది ఆయన భావం. నేటి ఏ పార్కు గేటుకైనా ఇంతకంటే మంచి నియమం ఏముంటుంది?

అయితే డబ్బు ఎలా సేకరించాలి? మొదట ఒక మాట స్పష్టం చేయాలి. జకాత్ సొమ్ము దీనికి వాడరాదు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. మసీదు కట్టడానికే జకాత్ చెల్లదని అత్యధిక ఉలమా చెబుతుండగా పార్కుకు ఎలా చెల్లుతుంది? దీనికి కావలసింది ఐచ్ఛిక సదఖా. మొక్క నాటితే దాని ఫలం మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి సదఖాగా లెక్కవుతుందని హదీసుల వల్ల తెలుస్తున్నది. ఎవరైనా స్థలం వక్ఫ్ చేయదలిస్తే నోటిమాట చాలదు. 2025 సవరణ చట్టం వచ్చాక వక్ఫ్ దస్తావేజు తప్పనిసరి.

పెద్ద కంపెనీల వైపు చూసి లాభం లేదు. లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చుచేయాలన్న నియమం 2013 కంపెనీల చట్టంలో ఉన్నా, ఆ డబ్బు ఎక్కువగా కర్మాగారాలున్న చోటికే వెళుతుంది. మన మెట్ట ప్రాంతానికి మన చేతులే దిక్కు. లెక్క చూడండి. మూడు వందల ఇళ్లు నెలకు 50 రూపాయల చొప్పున ఇస్తే నెలకు 15,000, సంవత్సరానికి 1,80,000. ఒక మనిషి జీతంలో కొంత, వేసవిలో నీళ్ల ట్యాంకరు దానిలోంచి వస్తాయి. గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలు భారత పౌరులుగా తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. కనుక ఆ భయం అక్కరలేదు. రసీదు మాత్రం ప్రతి రూపాయికీ ఉండాలి. జమాఖర్చులు మూడు నెలలకొకసారి అందరూ చూసేచోట అంటించాలి.

స్థలం పురపాలక సంఘానిదో, పంచాయతీదో, అటవీ శాఖదో అయితే వారి రాతపూర్వక అనుమతి ఉండాలి. యాజమాన్యం వారిదే, పోషణ మాత్రం మనది. కమిటీలో అన్ని మతాల వారూ ఉండాలి. బావి తవ్వించిన మన పెద్దలు నీళ్లు తోడుకునేవాడి మతం అడగలేదు. ఆడవారికి కూడా కమిటీలో చోటివ్వాలి. సాయంత్రం ఏ వేళ ఎక్కడ కూర్చోవడానికి వారికి ఇబ్బంది లేదో మగవాళ్లు ఊహించి చెప్పడం కంటే వారినే అడగడం మేలు. సంవత్సరానికి రెండు పండుగలకు తప్ప ఎవరూ తొక్కని ఈద్గాహ్ ప్రహరీ వెంట, ముతవల్లీల సమ్మతితో, ముందుగా ఒక వరస చెట్లు పెంచి చూపవచ్చు.

మేము నాటిన నలభైలో మిగిలిన ఆరు వేపలు ఇప్పుడు మనిషి ఎత్తు దాటాయి. మధ్యాహ్నం వేళ పండ్ల బండివాళ్లు వాటి కింద నిలబడుతున్నారు. నాటినదెవరో వారికి తెలియదు, తెలియనక్కరలేదు కూడా. వచ్చే వేసవిలో మిగతా ముప్పై నాలుగు గుంతలు మళ్లీ నిండాలంటే, ఈసారి శిలాఫలకానికి కాదు, నీళ్లకు చందా ఇద్దాం.