రిఫరీ ఇచ్చాడు గదా!

"అది ఆటేనోయ్! ఆ మాత్రానికి అర్ధరాత్రి ఇల్లు పీకి పందిరెయ్యాలా?" అన్నారు మావారు, దుప్పటి ముసుగులోంచి.

మీరే చెప్పండి, ఇల్లు పీకింది నేనా? 2024 జూన్ 11వ తేదీ రాత్రి, దోహాలో, గీత దాటి బయటికి పోయిన బంతిని పోలేదన్న పెద్దమనిషా?

సంగతి వినండి. వరల్డ్ కప్ అర్హత పోటీల్లో మన దేశానికీ కతార్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. గెలిస్తే మనవాళ్ళు మూడో రౌండుకి వెళ్తారు. అబ్బాయి సెల్‌ఫోన్ని పచ్చడి సీసాకి ఆనించి ఇద్దరం చూస్తున్నాం. 37వ నిమిషంలో చాంగ్‌తే గోల్ కొట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. 73వ నిమిషంలో కతార్ వాళ్ళు తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి దొర్లుకుంటూ గోల్ స్తంభం పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. ఇక కార్నర్ కిక్ ఇస్తారనుకుని మనవాళ్ళు నిలబడిపోయారు. ఈలోగా కతార్ ఆటగాడొకడు ఆ బంతిని కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్లోకి తన్నాడు. రిఫరీ గోల్ అన్నాడు! మనవాళ్ళు మొత్తుకున్నా వినలేదు. వీడియోలో మళ్ళీ చూసి తేల్చే ఏర్పాటు ఆ మ్యాచ్‌కి లేదట. 85వ నిమిషంలో ఇంకో గోల్ తిని 2-1తో ఓడి ఇంటికొచ్చేశాం. మన ఫుట్‌బాల్ సంఘం వారు ఫిర్యాదు చేశారు. ఫలితం మాత్రం మారలేదు.

నవలలు రాసుకునే ఆడదానికి ఫుట్‌బాల్ గొడవ ఎందుకంటారేమో. మాది పాతబస్తీ అండీ, లాల్‌దర్వాజా. బోనాలు ఎంత మావో, ఒకప్పుడు ఫుట్‌బాల్ కూడా అంత మాది. మూసీ ఒడ్డున సిటీ కాలేజీ కుర్రాళ్ళూ, పాత విద్యార్థులూ కలిసి ఆడిన జట్టులోంచి వచ్చినవాడే సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఆ పంతులుగారి శిక్షణలోనే మన దేశం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఈ లెక్కలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేవారు. అంచేత మా ఇంట్లో అన్నం ఉడక్కపోయినా ఎవరూ ఏమీ అనరు గాని, అన్యాయపు గోల్‌ని మాత్రం ఒప్పుకోరు.

మర్నాడు అబ్బాయి ఫోన్లో చూశాను గదా, లోకమంతా రిఫరీని తిడుతోంది. ఆ తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఒక్కటి మాత్రం గమనించాను. తప్పు చేసింది రిఫరీ, తిట్లు తిన్నది అతన్ని కన్నతల్లి! ఎక్కడో తన వంటింట్లో తను కూరలు తరుక్కుంటున్న ఆవిడ కతార్‌కి ఏ గోల్ ఇచ్చిందమ్మా? మగవాళ్ళ పౌరుషం ఎప్పుడూ ఆడవాళ్ళ మీదుగానే ఎందుకు పోతుందో నాకు బోధపడదు.

అసలు రిఫరీ మీద నాకంత కోపం లేదు. రెండు కళ్ళవాడు, ఇరవై రెండు మంది కాళ్ళు చూడాలి. నాలుగు పొయ్యిల మీద నాలుగు వంటలు పెట్టుకున్న మనకి తెలుసు, ఏదో ఒకటి మాడుతుంది. నా కోపమంతా బంతిని లోపలికి లాగినవాడి మీద. అతని కాలి కిందే కదా గీత ఉన్నది! వాళ్ళు అప్పటికే తర్వాతి రౌండు చేరిపోయారు కూడాను. "అయ్యా, బంతి బయటికి పోయింది" అని ఒక్కమాట అంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

ఇదే మాట మా అబ్బాయితో చేతులు తిప్పుకుంటూ అన్నాను. వాడు ఫోన్ కట్టేసి, తల వంచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"రిఫరీ ఇచ్చాడు గదమ్మా."

నా నోరు పడిపోయింది. ఎందుకంటే ఆ మాట వాడిది కాదు, నాది.

అంతకు ముందటి చలికాలంలో, కాలేజీల మధ్య పోటీల్లో మావాడు ఆడిన మ్యాచ్‌కి వెళ్ళాను. ఇక ముగుస్తుందనగా వాడు గోల్ కొట్టాడు. అవతలి పిల్లలు "హ్యాండ్, హ్యాండ్" అని అరిచారు. రిఫరీ వినిపించుకోలేదు. మావాళ్ళు గెలిచారు. అవతలి జట్టు కెప్టెన్ మట్టిలో కూలబడి చొక్కాలో మొహం దాచుకున్నాడు. వాళ్ళమ్మ కాబోలు, నల్ల బురఖా ఆవిడ, గ్లూకోజు నీళ్ళ సీసా పట్టుకుని నా పక్కనుంచే వెళ్తూ ఆగింది. "మీ బాబేనా అమ్మా? మంచిగ ఆడిండు" అని నవ్వింది. నేనూ నవ్వాను. దారిలో అరకిలో బాదుషాలు కొన్నాను.

రాత్రి అన్నం దగ్గర వాడు, "అమ్మా, బంతి నా చేతికి తగిలిందే" అన్నాడు. పిల్లాడు కంచంలో వేళ్ళతో గీతలు గీస్తున్నాడు. నేనేమన్నానో తెలుసా? "రిఫరీ ఇచ్చాడు గదా, కాదనడానికి నువ్వెవరివిరా? తిను, చల్లారిపోతోంది" అన్నాను. సత్యహరిశ్చంద్ర నాటకం చూసి కొంగుతో కళ్ళొత్తుకున్న దాన్నే నేను!

ఇలా గెలిచినవాళ్ళు నోరు విప్పిన సందర్భమే లేదా అంటే, ఉంది. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అని వేరే ఆట, చేతులతో పట్టుకు పరిగెత్తేది. అందులో వరసకి నాలుగు ప్రయత్నాలే ఇస్తారు. 1940 నవంబరులో డార్ట్‌మత్‌తో ఆడుతున్న కార్నెల్ జట్టుకి రిఫరీ లెక్క తప్పి అయిదోది ఇచ్చాడు. దానితో కార్నెల్ 7-3తో గెలిచింది. తర్వాత ఫిల్ము వేసి చూసుకుంటే తప్పు తేలింది. రిఫరీ ఒప్పుకున్నాడు. కార్నెల్ వాళ్ళు, అప్పటిదాకా ఆ ఏడు ఓటమి ఎరగనివాళ్ళు, తామే టెలిగ్రాం కొట్టి గెలుపు వదులుకున్నారు. పుస్తకాల్లో ఈనాటికీ డార్ట్‌మత్ 3, కార్నెల్ 0 అనే ఉంది.

సరిగ్గా యాభై ఏళ్ళకి, 1990 అక్టోబరులో, అదే అయిదో ప్రయత్నంతో కొలరాడో వాళ్ళు మిస్సోరీ మీద 33-31తో గెలిచారు. తప్పని అందరికీ తెలిసింది. ఆటనడిపిన వాళ్ళని సస్పెండ్ చేశారు. గెలుపు మాత్రం కొలరాడో వదల్లేదు. వాళ్ళ కోచ్ ఎన్నో ఏళ్ళ తర్వాతగాని పశ్చాత్తాపం చెప్పుకోలేదు.

అంచేత నేననేదేమిటంటే, ఎక్కడ మ్యాచ్ జరిగినా మళ్ళీ చూసే వీడియో పెట్టండి, రిఫరీ తప్పు చేస్తే చేశానని పైకి చెప్పే ఆనవాయితీ పెట్టండి. అవి పెద్దల పని, చెయ్యాల్సిందే. కాని ఎన్ని కెమేరాలు పెట్టినా పాతబస్తీ మట్టి మైదానం దాకా రావు. అక్కడ గీత పక్కన ఉండేది మన పిల్లలే. "అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరుకో" అని మనం కంచం దగ్గర నేర్పిన పాఠమే పెద్దయ్యాక వాళ్ళ కాళ్ళల్లోకి దిగుతుంది. ఆస్తి పంపకాల్లో పైసా ఎక్కువొస్తే కిక్కురుమనకుండా ఊరుకునేదీ, కొట్టువాడు చిల్లర ఎక్కువిస్తే కొంగున ముడేసుకునేదీ ఆ పాఠమే. ఓడినప్పుడు న్యాయం, గెలిచినప్పుడు "రిఫరీ ఇచ్చాడు గదా". ఇదమ్మా మన ధర్మశాస్త్రం!

"ఆటే గదా" అన్న మావారికి ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆటే గనక, అక్కడ నిజం చెప్పడం చాలా చవక. పోయేది ఒక కప్పు. అంత చవకలోనే చెప్పలేనివాడు, రేపు ఉద్యోగం పోతుందంటే చెబుతాడా?

ఆ బురఖా ఆవిడ కనిపిస్తుందేమోనని లాడ్‌బజారులో గాజులకి వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను. మొహం బాగా గుర్తుంది. కనిపిస్తే ఏమనాలో మాత్రం, ఇన్ని నవలలు రాసిన దాన్ని, ఇంకా కూడబలుక్కుంటూనే ఉన్నాను.