శిబిరంలో పాలడబ్బాలు పంచొద్దు



ఆరోగ్య శిబిరం అనగానే "బాలింతలకు తలా ఒక పాలపొడి డబ్బా ఇద్దాం" అనే మాట వస్తుంది. ఉద్దేశం మంచిదే, కానీ నేను ఒప్పుకోను.

ఒక డబ్బా ఎన్నాళ్లో రాదు. ఆలోగా బిడ్డ రొమ్ము కుడవడం తగ్గిస్తే తల్లికి పాలూ తగ్గిపోతాయి. ఇక డబ్బా కొనక తప్పదు. ఎన్ని బీడీలు చుడితే అంతే కూలి వచ్చే ఇంట్లో అదెంత బరువో మనకు తెలియనిది కాదు. అప్పుడు పొడి తగ్గించి నీళ్లు పెంచుతారు. బిడ్డ కడుపు నిండుతుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు, ఉచిత నమూనాలు కూడదని 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ఊరికే చెప్పలేదు.

అలాగని పోతపాలు పట్టే తల్లిని ఎవరూ చిన్నచూపు చూడొద్దు. తల్లి లేని బిడ్డకు, డాక్టరు రాసిచ్చిన బిడ్డకు అవే ఆధారం. డబ్బా మీద ఉన్న కొలత తప్పకూడదు. నీళ్లు మరగకాచాలి, గిన్నె, చెంచా ఉడకబెట్టాలి, బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి.

మిగతా పిల్లలకు ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆ ఆరు నెలలు తల్లికి కడుపునిండా తిండి, కాస్త తీరిక కావాలి. డబ్బాల డబ్బుతో ఆ ఇంటికి పప్పు, బియ్యం, నూనె ఇద్దాం. అత్తలు, ఆడబిడ్డలు ఆమె చాటలోని బీడీలు నాలుగు కట్టలు చుట్టిపెట్టండి. బిడ్డకు అంతకు మించిన కానుక లేదు.