పట్టుబడినవాని పేరు ఎవరికి తెలియవలెను?

మనకు లభించిన తొలి తెలుగు శాసనములలో రెండు, కలమళ్ల శాసనమును ఎర్రగుడిపాడు శాసనమును, రేనాటి చోళుల కాలమునకు, అనగా క్రీస్తుశకము 6వ శతాబ్దికి చెందినవి. ఈ రెండు గ్రామములును పూర్వపు కమలాపురము తాలూకాలోనివే. రాజు తాను చేసిన పనిని రాతిపై చెక్కించి, పదిమంది చూచుచోట నిలిపించినాడు. దానివలన పని మరుగున పడదు; చేసినవాడు తరువాత కాదనుటకును వీలుండదు. అధికారము వహించినవాడు తన చేతలను వ్రాసి యుంచవలెననునది మన సీమకు క్రొత్త సంగతి కాదు.

ప్రభుత్వము మననుండి ఏది తీసికొన్నను రశీదు ఇచ్చును. శిస్తు కట్టిన రైతుకు, రుసుము కట్టిన విద్యార్థికి, పార్శెలు పంపిన వర్తకునకు రశీదు దొరకును. మరి మనిషినే తీసికొనిపోయినప్పుడు రశీదు ఏది? చాల కాలము వరకు ఈ ప్రశ్నకు సమాధానము స్పష్టముగా లేకుండెను. నేడు సమాధానమున్నది, తెలిసినవారు తక్కువ.

కమలాపురము మండలములోని ఒక పల్లెనుండి తెల్లవారుజామున ఒక యువకుని పోలీసులు తీసికొనిపోయినారనుకొందము. తల్లి మొదట ఠాణాకు పోవును. "సారూ, మా పిల్లోడు యాడుండాడో చెప్పండి సారూ" అని అడుగును. ఇక్కడ లేడందురు. పెద్దమనుషుల వద్దకు పోయిన, కడపకు పొమ్మందురు. కడపలో ఎవరిని అడుగవలెనో ఆమెకు తెలియదు. సాయంకాలమునకు మధ్యవర్తి యొకడు ఎదురై, సమాచారమునకు వెల చెప్పును. ఉచితముగా తెలియవలసిన విషయము అమ్ముడుపోవుట ఇట్లే ప్రారంభమగును. ఆ యువకుడు నేరము చేసెనా లేదా అనునది వేరు విచారణ. అతడు ఎక్కడ ఉన్నాడనునది మాత్రము దాచవలసిన విషయము కాదు.

రాజ్యాంగము 22వ అధికరణమున అరెస్టు కారణమును తెలుపవలెననియు, న్యాయవాదిని సంప్రదించు అవకాశమీయవలెననియు, ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు ఉన్నది. అయితే అరెస్టు ఎప్పుడు జరిగినదో వ్రాతలో లేనిచో ఈ 24 గంటలు ఎచ్చటనుండి లెక్కింపవలెను? ఈ లోపమును పూరించినది 1996 డిసెంబరులో డి.కె. బసు కేసున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అరెస్టు చేయునప్పుడే తేదీ, సమయము వ్రాసి మెమో సిద్ధపరుపవలెను. దానిపై కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతపు గౌరవనీయుడో సాక్షిగా సంతకము చేయవలెను. పట్టుబడినవాడును సంతకము చేయవలెను. 12 గంటలలో జిల్లా పోలీసు కంట్రోలు రూముకు తెలిపి, అచ్చటి నోటీసు బోర్డుపై ప్రకటింపవలెను. మనిషికి రశీదు అన్నమాట అక్షరాల నిజమైనది ఈ తీర్పుతోనే.

2008 నాటి సవరణ ఈ నియమములలో ముఖ్యమైనవాటిని క్రిమినల్ ప్రొసీజర్ కోడులో చేర్చినది. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత మరొక అడుగు ముందుకు వేసినది. దాని 37వ సెక్షను ప్రకారము ప్రతి జిల్లాలోను ప్రతి పోలీసు ఠాణాలోను, అసిస్టెంటు సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువ కాని ఒక అధికారి, అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపిన నేరము యొక్క స్వభావము నమోదు చేసి యుంచవలెను. ఆ వివరములు ఠాణాలోను జిల్లా కేంద్రములోను అందరికి కనబడునట్లు ప్రదర్శింపవలెను. మునుపు కడప కంట్రోలు రూము బోర్డుకు పరిమితమైన బాధ్యత ఇప్పుడు కమలాపురము ఠాణా గోడదాక వచ్చినదన్నమాట. 48వ సెక్షను ప్రకారము బంధువునకో, మిత్రునకో, పట్టుబడినవాడు పేర్కొన్న మరొకనికో వెంటనే కబురు పంపవలెను. ఎవరికి పంపినది ఠాణాలోని పుస్తకమున వ్రాయవలెను. ఈ విధి నెరవేరినదా లేదా యని మేజిస్ట్రేటు తెలిసికొనవలెను. అరెస్టు కారణములను వ్రాతపూర్వకముగా, పట్టుబడినవానికి అర్థమగు భాషలో ఈయవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. మన ప్రాంతమున ఆ భాష తెలుగు.

పట్టుబడిన మనిషి మూడు చోట్ల వ్రాతలోనికి వచ్చును. మొదటిది ఠాణా. అచ్చట జనరల్ డైరీ, అరెస్టు మెమో, ప్రథమ సమాచార నివేదిక ఉండును. ఫిర్యాదు చేసినవానికి ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితముగా ఈయవలెను. ముద్దాయి తరఫువాడు దరఖాస్తు పెట్టిన 24 గంటలలో ప్రతి ఈయవలెననియు, ఎఫ్.ఐ.ఆర్.లను సాధారణముగా 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో ఉంచవలెననియు 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. భౌగోళిక కారణములచే అనుసంధానము కుదరనిచోట్ల ఈ గడువు 72 గంటలకు మించరాదు. లైంగిక నేరములు, ఉగ్రవాదము మొదలైన సున్నితమైన కేసులకు మినహాయింపు కలదు.

రెండవది మేజిస్ట్రేటు న్యాయస్థానము. రిమాండు కోరుచు పోలీసులు సమర్పించిన నివేదిక, దానిపై మేజిస్ట్రేటు వ్రాసిన ఉత్తరువు అచ్చట నుండును. న్యాయవాది ద్వారా నకలు దరఖాస్తు పెట్టి ధ్రువీకృత ప్రతి పొందవచ్చును. ఠాణా పేరు, ఎఫ్.ఐ.ఆర్. సంఖ్య తెలిసినచో ఈ-కోర్ట్స్ సేవలో కేసు ఏ దశలో నున్నదో ఇంటనుండియే చూడవచ్చును.

మూడవది జైలు. 1894 నాటి ప్రిజన్స్ చట్టము 12వ సెక్షనున జైలు సూపరింటెండెంటు ఉంచవలసిన పుస్తకములను పేర్కొన్నది: లోనికి వచ్చిన ఖైదీల రిజిస్టరు, ఎవరు ఎప్పుడు విడుదల కావలెనో తెలుపు పుస్తకము, శిక్షల పుస్తకము, సందర్శకుల పుస్తకము, ఖైదీలనుండి తీసికొన్న సొమ్ము, వస్తువుల లెక్క. చట్టము చేసినది పరప్రభుత్వమే అయినను, పుస్తకముల క్రమము నేటికిని పనికివచ్చునదే.

అడిగినను చెప్పనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టమున్నది. కారణము చెప్పనక్కరలేదు, తెలుగులో వ్రాయవచ్చును, వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో సమాచారాధికారి వ్రాతలో పెట్టుటకు సహాయపడవలెను. సాధారణ గడువు 30 రోజులు. కాని మనిషి ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమును 48 గంటలలో ఈయవలెనని 7వ సెక్షను చెప్పుచున్నది. కావున దరఖాస్తు శిరస్సుననే "స్వేచ్ఛకు సంబంధించిన సమాచారము, 48 గంటలలో ఈయవలసినది" అని వ్రాయుట మరువరాదు. దర్యాప్తునకు భంగము కలుగునను కారణమున 8వ సెక్షను క్రింద నిరాకరింపవచ్చును. అయితే దర్యాప్తు జరుగుచున్నదను మాట ఒక్కటే చాలదనియు, భంగము ఎట్లు కలుగునో చూపవలెననియు ఢిల్లీ హైకోర్టు 2007లో చెప్పినది. ఇవేవియు ఫలింపక, మనిషి ఆచూకీ తెలియనిచో హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను మిగిలియున్నది. న్యాయవాదిని పెట్టుకొనలేని వారికి న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయము చేయును. దాని ఫోను సంఖ్య 15100.

ఒక తేదీ కొరకు ఇంత ప్రయాస యెందుకని కొందరు అడుగవచ్చును. దర్యాప్తు 60 రోజులలో, తీవ్రమైన నేరములందు 90 రోజులలో, ముగిసి అభియోగపత్రము రానిచో ముద్దాయికి జామీను హక్కు కలుగును. విచారణలో నున్న కాలమును పడిన శిక్షనుండి తగ్గింతురు. పూర్వము ఏ నేరమునకును దోషిగా తేలనివాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము లోపల గడిపినచో, మరణశిక్షో యావజ్జీవమో పడదగిన నేరములు గాక తక్కిన వానిలో, మరి వేరు కేసులు పెండింగులో లేనిచో, విడుదలకు అర్హుడగునని క్రొత్త సంహిత 479వ సెక్షను చెప్పుచున్నది. ఈ లెక్కలన్నియు పుస్తకములోని తేదీపై ఆధారపడినవే. 2022 చివర దేశమందలి జైళ్లలోని 5,73,220 మందిలో 4,34,302 మంది, అనగా నూటికి సుమారు 76 మంది, విచారణలో నున్నవారే. వారిలో ఎందరి తేదీలను లెక్కించు బంధువులు బయట ఉన్నారో!

మన సీమ చరిత్రయే దీనికి నిదర్శనము. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు అణచివేయబడినప్పుడు దాదాపు వేయిమందిపై వారంటులు పుట్టినవి. వారిలో 412 మందిని అభియోగము లేకయే వదలినారు. 273 మందిని జామీనుపై విడిచినారు. 112 మందికి శిక్షలు పడినవి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెడ్డిని ఉరితీసిరి. కంపెనీ దొరలు తమ అవసరమునకు వ్రాసికొన్న లెక్కలే నేడు మనకు మిగిలినవి. పట్టుబడినవారిలో అధికసంఖ్యాకులు శిక్షార్హులు కారని ఆ లెక్కలే చాటుచున్నవి. పేరు అరెస్టు పుస్తకమున నెక్కినంతమాత్రమున మనిషి నేరస్థుడు కాడనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

ఇచ్చటనే రెండవ వైపు చూడవలసియున్నది. అమెరికాలో కౌంటీ జైలులో చేర్చుకొన్న మనిషి పేరు, ఛాయాచిత్రము, మోపిన నేరము చాలచోట్ల ఎవరైనను చూడవచ్చును. ఆ ఛాయాచిత్రములను ప్రచురించి, తొలగించుటకు సొమ్ము అడుగు వ్యాపారము అచ్చట పుట్టినది. కొన్ని రాష్ట్రములు దానిని అరికట్టుటకు చట్టములు చేయవలసివచ్చినది. అయినను ఆ బహిరంగతవలన మేలును కలదు. 2019 జనవరి చివర, అధికారులే సృష్టించిన ఫార్మింగ్టన్ యూనివర్శిటీ వ్యవహారమున 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడినప్పుడు, వారిలో తెలుగువారు అధికముగా నుండిరి. అట్టి వేళ ఇచ్చటి తలిదండ్రులకు కావలసినది తమ బిడ్డ ఏ నిర్బంధకేంద్రమున నున్నాడను ఒక్క మాటయే. పేరు, పుట్టిన దేశము తెలిపి వెదకుటకు ఆ దేశపు ఇమ్మిగ్రేషను శాఖ వెబ్‌సైటున వీలున్నది.

మన చట్టము ఈ రెంటి నడుమ త్రోవ వెదకుచున్నది. 18 ఏండ్లలోపు బాలుని గుర్తింపును ప్రకటించుట 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము 74వ సెక్షను క్రింద నిషిద్ధము. లైంగికదాడికి గురియైన వారి పేరు వెల్లడించుట నేరము. ఠాణాలోని హిస్టరీ షీటు పోలీసుల అంతరంగిక పత్రమేగాని ప్రజలముందు పెట్టునది కాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కక్షలతో నలిగిన మన పల్లెలలో ఈ భేదము మిక్కిలి అవసరము. ఎదుటి వర్గమువాని పేరు పట్టికలో చూచి, దానిని సెల్‌ఫోనులో ఊరంతయు చాటి, పెండ్లిసంబంధము చెడగొట్టుటకో ఉద్యోగము పోగొట్టుటకో వాడుకొనువారు లేకపోలేదు. నిర్దోషియని తీర్పు వచ్చిన దినమున ఆ వార్తను అదే ఉత్సాహముతో చాటువారు కనబడరు.

నా అభిప్రాయమున కొలత ఒక్కటే. మనిషి ప్రభుత్వపు చేతిలో నున్నంత కాలము ఆ సంగతి బహిరంగముగా నుండవలెను. ఏలయనగా అప్పుడు లెక్క చెప్పవలసినది పట్టుకొన్నవాడు. విడుదలైన పిదప, నిర్దోషియని తేలిన పిదప, ఆ పేరును పట్టుకొని వ్రేలాడుటకు ఎవరికిని హక్కు లేదు. బోర్డుపై నిన్నటి పేరు చెరిపి నేటి పేరు వ్రాయుదురు; యంత్రముల జ్ఞాపకమునకు ఆ చెరుపు తెలియదు. కావున పట్టిక ప్రకటించువారు తీర్పునుగూడ ప్రకటింపవలెను. గడువు తీరిన పేరును తొలగింపవలెను.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. పల్లెలో ఆపద వచ్చిన ఇంటివారు మొదట వచ్చునది మీ వద్దకే. పౌరశాస్త్ర పాఠమున 22వ అధికరణము చెప్పిన దినముననే, ఒక దరఖాస్తు వ్రాయుటయు నేర్పుడు. ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఏ ఠాణావారు, ఏ కేసున అను అయిదు ప్రశ్నలు పదవ తరగతి బాలిక సులభముగా వ్రాయగలదు. దానిని రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకొని రావలెననియు ఆమెకు చెప్పుడు. ఇంట చదువు వచ్చినది ఆ బాలిక ఒక్కతెయే కావచ్చును.