చెవిని అడిగారా?

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి, ఖంగుమంటేనే తీసుకుంటాం. చింతపండు గింజంత నోట్లో వేసుకుని చూస్తాం. చీర అంచు రెండు వేళ్ల మధ్య నలపందే బేరానికి దిగం. బెండకాయ కొస విరవనిదే తూకానికి ఒప్పుకోం. ఇంత జాగ్రత్త ఉన్న మన ఇళ్లలోకే వేలు పోసి కొన్న స్పీకర్లు మాత్రం ఒక్క పాటయినా వినకుండా వచ్చేస్తున్నాయి. వినడానికి కొనే వస్తువుని వినకుండా కొనడం ఏం చోద్యమోనండీ!

రేపల్లెలో మా పిన్నికి డెబ్భై దాటాయి. పొద్దున్నే ప్రవచనం వినడం అలవాటు. కొడుకు తను ఉద్యోగం చేసే ఊరి నుంచి ఫోన్లో బొమ్మ చూసి, స్టార్లు లెక్కపెట్టి స్పీకర్ల సెట్టు పంపించాడు. తల్లి మీద ప్రేమే, కాదనను. కానీ "మోత బోలెడుందే అమ్మాయ్, మాట మాత్రం తెలియట్లేదు" అంది పిన్ని. పిల్లాడు నొచ్చుకుంటాడని నెల దాకా నోరు విప్పలేదు. ఈలోగా వాపసు గడువు దాటిపోయింది. ఇప్పుడా పెట్టె మీద కుట్టుపని గుడ్డ, దాని మీద పూలకుండీ!

లోపం పిన్ని చెవిది మాత్రమే కాదు. వయసు మీద పడేకొద్దీ ముందుగా సన్నటి ధ్వనులు వినపడ్డం తగ్గుతుంది. స, శ, త లాంటి అక్షరాలు స్పష్టంగా తెలియాలంటే ఆ ధ్వనులే కావాలి. దబదబలాడే బేస్ ఎక్కువైతే అవి కాస్తా మునిగిపోతాయి. సినిమా పాటకి హుషారుగా ఉన్న పెట్టె ప్రవచనానికి పనికిరాకపోవచ్చు.

ఇక అట్టపెట్టె మీద అంకెలు. ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద 'పీఎంపీఓ' అంటూ వందల్లో, వేలల్లో వాట్లు వేసేవారు. దానికి అందరూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. నిలకడగా వచ్చే శక్తిని చెప్పేవి ఆర్‌ఎంఎస్ వాట్లు. అవయినా రెట్టింపైతే శబ్దం రెట్టింపవదు, పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది కాస్త తేడా, అంతే. పైగా మాట తేటగా వినిపిస్తుందా లేదా అన్నది ఏ వాట్లూ చెప్పవు.

బాపట్లలో మా ఆడపడుచు పద్ధతి నాకు నచ్చింది. "సీలు తీస్తే కొనాల్సిందేనమ్మా" అన్నాడు కొట్టతను. "అయితే బయట పెట్టిన సెట్టే మోగించండి, లేదంటే ఇంకో కొట్టుకి వెళ్తా" అంది. తన ఫోన్లో ఓ పాత పాట, వీణ కచేరీ, వార్తలు పెట్టుకుని వెళ్లింది. మూడు సెట్లనీ ఒకే మోతలో వినిపించమంది. కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపించడం చెవికి సహజం కదా! చివరికి మూడింట్లోనూ చవకదే ఇంటికి తెచ్చుకుంది.

మా తెనాలి నాటకాల ఊరు. 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావుగారు పుట్టింది బాపట్లలో. పద్యం విని నటుణ్ణి తూచిన ప్రాంతం మనది. ఇక్కడే చెవి మాటకి విలువ లేకపోతే ఎలా?

దగ్గర్లో కొట్టు లేక ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లు ముందు వాపసు షరతులు చదవండి. 'నచ్చలేదు' అంటే తీసుకునేదీ లేనిదీ ఆ షరతుల్లోనే ఉంటుంది. వస్తువులో లోపమున్నా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. తెచ్చిన రోజే ఇంటిల్లిపాదీ వినండి. మూలన పెడితే బేస్ ఇంకా పెరుగుతుంది. గోడకి ఎడంగా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో పెట్టి చూడండి. బిల్లూ, అట్టపెట్టే గడువు దాటేదాకా పారెయ్యకండి. పేచీ వస్తే 1915కి ఫోను చెయ్యొచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

అసలు చిక్కు మరొకటుంది. మిక్సీ అయితే మనల్ని అడుగుతారు, స్పీకర్లయితే అది మగవాళ్ల వ్యవహారమంటారు. పొద్దస్తమానం ఇంట్లో ఉండి ఆ మోత వినేదెవరు? ఇంట్లో ఆడవాళ్లూ, ముసలివాళ్లే కదా! వినేవాళ్లే ఎంచుకోవాలి. బాగాలేకపోతే బాగాలేదని మొదటి రోజే చెప్పాలి. అలా చెప్తే కన్నకొడుకు ప్రేమని కాదన్నట్టు కాదు.

పండక్కి పెద్దవాళ్లకి స్పీకర్లు పంపాలనుకునే పిల్లలకీ ఒక మాట. బొమ్మలూ, స్టార్లూ చూసే ముందు ఓసారి ఫోను చేసి, "అమ్మా, నువ్వు ఏం వింటావు?" అని అడగండి.