పూర్ణం ఎవరు రుబ్బుతారయ్యా?

మే నెల సెలవుల కలయికకు తీపి అంతా ఇంట్లోనే మొదటినుంచీ చేసి తేవాలి, డబ్బాలూ ప్యాకెట్లూ తెస్తే మన సంప్రదాయం ఏం కావాలి అని గ్రూపులో ఒక పెద్దాయన రాసినారు. చానామంది చేతులు జోడించే బొమ్మ పెట్టినారు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా సరే.

అయ్యా, మీరు ఎప్పుడైనా పూర్ణం రుబ్బినారా? శనగపప్పు ఉడకేసి, నీళ్ళు వార్చి, బెల్లంతో దగ్గరికొచ్చేదాకా కలిపి, రుబ్బి, ఉండలు చేసి, అరవై మందికి తలా రెండు లెక్కన నూట ఇరవై ఓళిగలు ఆ ఎండల్లో పెనం ముందు నిలబడి కాల్చినారా? నేనూ కాల్చలేదు. రైల్వేలో గుమాస్తాగిరీ చేసి, పండగనాడు ఆకు ముందు కూర్చున్నవాణ్ణే.

పోయిన ఏడాది ఏం జరిగింది? హాల్లో మగవాళ్ళం ఆదివారం తెలుగు క్లాసు గురించి రెండు గంటలు మాట్లాడినాము. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తరవాత బడిలో తెలుగుకు చోటు ఇరుకైంది, క్లాసే దిక్కు అని అందరమూ ఒప్పుకున్నాము. క్లాసు చెప్పగలిగేవాళ్ళు మాత్రం వెనకాల వంటింట్లో ఉన్నారు. నేను తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడినా రాయడం రాదు. రిటైరైనాక నాచేత అఆలు దిద్దించింది మా కోడలు, చిత్తూరు వైపు పిల్ల. ఆ రెండు గంటలూ ఆమె పెనం ముందే. అంతా అయినాక వచ్చి, "ఏం నిర్ణయం చేసినారు మామా?" అని అడిగింది. ఏం చెప్పేది? క్లాసు ఇంకా మొదలు కాలేదు.

సంప్రదాయం అంటారా, మా అమ్మ సేమియా చేత్తో నులిమి మంచం మీద ఎండబెట్టేది. ప్యాకెట్ సేమియా వచ్చినాక ఎవరూ ఏడవలేదు. పాయసం పాయసంగానే ఉంది.

ఈసారి నేనే చేస్తాను. పది గ్రాముల చైనా గ్రాసు, అదే మనవాళ్ళు కడల్‌పాసి అంటారే, నానబెట్టి నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. లీటరు వేడి పాలు, ఒక డబ్బా మిల్క్‌మెయిడ్ కలిపి అందులో వడకట్టి పళ్ళెంలో పోస్తే సరి. ఫ్రిజ్ లేకపోయినా గడ్డ కడుతుంది, మే ఎండకు కరగదు. పైన కృష్ణగిరి వైపు డబ్బా మామిడి గుజ్జు. (గుజ్జును చల్లగా పాలల్లో కలపకండి, ఉండలు కడుతుంది. నాకు ఒకసారి కట్టింది.) జామూన్ పొడి తెచ్చేవాళ్ళు తేండి. నూనె మరీ కాగనివ్వకుండా సన్న సెగ మీద వేయిస్తే చాలు, లోపల పచ్చిగా ఉండదు.

మీటింగు పది గంటలకు. ఆడవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నాకే మొదలు పెడదాము, క్లాసు సంగతే మొదటిది. ఓళిగలే కావాలనే పెద్దమనుషులు తమ చేత్తో రుబ్బి, కాల్చి తేండి. నేను రెండు తింటాను.