మట్టి మోసినోళ్లకు మాట లేదా?

భూమిని కాపాడే పథకాలు మన పల్లెలకు కొత్త కాదు. బీడు భూముల అభివృద్ధి అన్నారు, వాటర్‌షెడ్డు అన్నారు, ఉపాధి హామీ అన్నారు. పేరు మారినప్పుడల్లా ఊరి మొదట్లో బోర్డు మారుతుంది. ఆ బోర్డు మీద ఖర్చయిన డబ్బు ఉంటుంది, కట్టిన కట్టల లెక్క ఉంటుంది. ఆ మట్టి ఎవరి నెత్తి మీదుగా పోయిందో మాత్రం ఉండదు. ఈ సంచికలో మేము అడగదల్చుకున్నది ఆ సంగతే.

మేము చదువు చెప్పే బడి వరండాలోనే ఒకప్పుడు వాటర్‌షెడ్డు కమిటీ మీటింగు జరిగింది. సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్లున్నారని కాగితం చెప్పింది. వరండాలో మాత్రం ఒక్క ఆడమనిషి లేదు. ఆ ఇద్దరిలో ఒకామె మా వాడ మనిషే. సాయంత్రం పోయి "అక్కా, మీటింగుకు రాలేదేం?" అని అడిగాం. "ఏ మీటింగు సారూ?" అంది. రిజిస్టరు ఇంటికే వచ్చిందట, వేలిముద్ర వేయించుకుని పోయారట. రేషను సంగతేమో అనుకుందట. ఆ రోజు పొద్దంతా ఆమె కందకం తవ్విన మట్టి తట్టలతో మోసి వచ్చింది. కమిటీ పనిలో ఉంది, కమిటీలో లేదు.

ఇది రాసుకున్న నిబంధనల లోపం అనలేము. హనుమంతరావు కమిటీ 1994లో చెప్పిన మీదట, 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు అమలుకొచ్చాయి. ఒక్కో వాటర్‌షెడ్డుకు సుమారు 500 హెక్టార్లు, హెక్టారుకు 4,000 రూపాయలు, అంటే 20 లక్షలు. పెత్తనం ఊరి కమిటీ చేతుల్లో ఉండాలన్నారు. 2008లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేసి, కమిటీలో సగం మంది పొదుపు సంఘాలు, వినియోగదారుల సంఘాలు, ఎస్సీ ఎస్టీలు, ఆడవాళ్లు, భూమి లేనివాళ్ల తరఫున ఉండాలన్నాయి. మాటలు బాగానే ఉన్నాయి. మరి ఎక్కడ తిరగబడింది?

భూమి దగ్గర. వినియోగదారుల సంఘం అంటే, పని వల్ల ఎవరి చేను బాగుపడుతుందో వాళ్ల సంఘం. చేను ఎవరిదో పాసుబుక్కు చెబుతుంది. పాసుబుక్కు మీద మొగుడి పేరో, మామ పేరో ఉంటుంది. ఆమె ఆ చేలో పుట్టెడు కష్టం చేసినా రైతు కాదు, రైతు పెండ్లాం. భూమే లేని ఇంటి ఆడమనిషికైతే పొదుపు సంఘం ఒక్కటే మిగులుతుంది. గట్టు ఎక్కడ వేయాలి, కుంట ఎవరి చేను పక్కన తవ్వాలి అనే మాట ఒకచోట నడుస్తుంది, వారం వారం రూపాయలు లెక్కపెట్టే పని ఇంకోచోట నడుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఆడవాళ్ల చేతిలో ఉన్నవి నూటికి 14. మిగతా కమతాల్లో కలుపు తీసేది ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నీళ్ల లెక్క కూడా చూడండి. పని గుట్ట మీద మొదలుపెట్టి లోయకు దిగాలని ఇంజనీర్లు చెబుతారు. అది సరైన పద్ధతే. కాని మన పల్లెల్లో గుట్ట బోడి నేలలు ఎవరివి? సర్కారు అసైన్ చేసిన మాల మాదిగల రాళ్ల చెల్కలు. కింద నల్లరేగడి ఎవరిది? బోర్లు ఎవరివి? మన చెల్కలో కందకం తవ్వితే ఇంకిన నీళ్లు కింది బోర్లకు చేరతాయి. ఆ బోరు కింద వరి నాటడానికి మళ్లీ మన ఆడవాళ్లే కూలికి పోతారు. మన పైచేలో ఒక బావికి, ఒక మోటరుకు అదే పథకంలో డబ్బు పెట్టమని అడిగితే "అంచనాల్లో లేదు" అంటారు. అంచనాలు వేసేనాడు మనం అక్కడ ఉంటే కదా!

ఊరుమ్మడి జాగ సంగతి ఇంకా అన్యాయం. పోరంబోకులో చెట్లు పెంచుతామని కంచె వేస్తారు. చెట్లు పెరగాల్సిందే, మేము కాదనం. కాని ఆ జాగలోనే ఒంటరి ఆడమనిషి నాలుగు మేకలు మేపుకుంటుంది, పొయ్యిలో కట్టె తెచ్చుకుంటుంది. కంచె పడ్డనాటి నుంచి ఆమె రెండు మైళ్లు ఎక్కువ నడుస్తుంది. లేదా మేకలు అమ్ముకుంటుంది. ఏ రిపోర్టులోనూ ఆ మేకలు నష్టం కింద రాయరు.

ఇలా కాకుండా జరిగిన చోటు మన దగ్గరే ఉంది. జహీరాబాద్ ప్రాంతం, అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. 1980ల నుంచి అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుతో మహిళా సంఘాలు కట్టుకున్నవాళ్లలో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లే. స్వచ్ఛంద సంస్థల మీద మాకున్న అనుమానాలు మాకున్నాయి, అవి వేరే సంచికలో మాట్లాడుకుందాం. ఆ ఆడవాళ్లు చేసింది మాత్రం చెప్పుకోవాలి. పడావు పడ్డ భూముల్లో రాళ్లు ఏరారు, గట్లు వేశారు, పెంట తోలారు. కౌలుకు భూమి పట్టి కలిసి సాగు చేశారు. 1990ల నడుమ సొంతంగా ధాన్యం నిధి పెట్టుకున్నారు. బీడు బాగు చేసుకోవడానికి తీసుకున్న అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా కట్టారు. ఆ జొన్నలు ఊళ్లో పేదలకు తక్కువ ధరకు పోయాయి. పేదలెవరో తేల్చింది ఆఫీసరు కాదు, ఊరివాళ్లే. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. బహుమతి కన్నా మాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ఏ చేలో ఏం వేయాలో ఆడవాళ్లు నిర్ణయించారు. విత్తనం వాళ్ల కుండల్లోనే ఉంది. కాబట్టి జొన్న, కంది, కొర్ర, సజ్జ ఒకే చేలో కలిసి నిలబడ్డాయి, నేల నిలబడింది. పత్తి విత్తనం కోసం దుకాణం ముందు అప్పు రాయించుకునే మొగోడు ఈ సంగతి ఒకసారి నిదానంగా ఆలోచించాలి.

పట్టా మీద ఆడమనిషి పేరు అనగానే మన వాడలోనే కొందరు అన్నలు గుర్రుమంటారు. "ఇంట్లో ఎవరి పేరుంటే ఏంది?" అంటారు. ఎవరి పేరున్నా ఒకటే అయితే ఆమె పేరే రాయించొచ్చు కదా! పంచే భూముల్లో ఆలుమగలిద్దరి పేరా పట్టా ఇవ్వాలని ఆరో పంచవర్ష ప్రణాళికే చెప్పింది, అది 1980 నాటి మాట. ఎన్టీఆర్ సర్కారు హయాంలో, 1985 సెప్టెంబరు నుంచి, మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆడవాళ్లకు ఆస్తి హక్కు రాసిన హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టారనే కదా బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదిలేసింది. ఆయన బొమ్మకు దండ వేసే మనం మన చెల్లెలికి వాటా అడిగితే ముఖం చాటేస్తున్నాం. తెలంగాణలో 2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాల పథకం మొదలైనప్పుడు ఆ భూమి ఆడవాళ్ల పేరు మీదే రిజిస్టరు చేశారు. అందింది కొద్దిమందికే, అది వేరే తగువు. అందిన చోట మాత్రం 2018లో ఎకరానికి పంటకు 4,000 చొప్పున రైతుబంధు వచ్చినప్పుడు చెక్కు మీద ఆమె పేరు పడింది.

మన సంఘం మీటింగుల్లో కూడా మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు వెనక చాప మీద. ఇది రాస్తుంటే మాకే సిగ్గుగా ఉంది. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలబడింది మున్నంగి సువార్త. నీళ్ల కోసం మన పోరాటం అట్లా ఒక ఆడమనిషి చేతి నుంచి మొదలైనప్పుడు, నీళ్ల కమిటీలో ఆమె వెనక ఎందుకు కూర్చోవాలి?

వచ్చే గ్రామసభకు ఊరూరా సంఘం వాళ్లు ముందే కూర్చుని మూడు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. మన వాడలో ఎవరి చెల్క ఎక్కడుంది, దాని పట్టా ఎవరి పేరునుంది అన్నది ఒకటి. ఊరుమ్మడి జాగలో మేక, కట్టె, ఆకు ఎవరెవరికి ఆధారమన్నది రెండోది, ఇది ఆడవాళ్లు చెబితేనే రాయాలి. పట్టాలో పేరు చేర్చమని ఆలుమగలిద్దరూ కలిసి పెట్టే దరఖాస్తు మూడోది. పనుల అంచనా వేయకముందే ఇవి తహసీల్దారుకు, సర్పంచుకు ఇచ్చి రసీదు తీసుకోండి. సభ పగటిపూట పెడితే మన ఆడవాళ్లు కూలి పోగొట్టుకోవాలి, కాబట్టి పొద్దుగూకినాక పెట్టమని అడగండి.

అక్కలారా, రిజిస్టరు ఇంటికొస్తే వేలిముద్ర వేయకండి. చదివి వినిపించమనండి. చదివేవాళ్లు లేకపోతే ఆ రిజిస్టరు పట్టుకుని బడికి రండి, మేము చదివి పెడతాం.